పసిపిల్లల పొట్టకి మంచి బ్యాక్టీరియా: ఇంటి పెరుగుతో ఎలా మొదలుపెట్టాలి, సాషే ఎప్పుడు కొనాలి

నెలకి నలుగురైనా అడుగుతారు. "అక్కా, మా బాబుకి ఏడో నెల వచ్చింది, ప్రోబయోటిక్ ఏది వాడమంటావ్?" అని ఒకళ్ళు, "పాపకి మోషన్స్ అవుతున్నాయి, మందుల షాపులో ఏదో పౌడర్ ఇచ్చారు, పాలల్లో కలిపి పట్టనా?" అని ఇంకొకళ్ళు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకేచోట వరసగా రాసేస్తే మేలనిపించింది. నేను డాక్టర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. పెద్దదాని అప్పుడు తప్పులు చేసి, మా పిల్లల డాక్టర్ గారిని అడిగి అడిగి నేర్చుకున్నవి ఇవి.

ముందే ఒక మాట చెప్పేస్తా. ప్రోబయోటిక్ అంటే పొట్టకి మంచి చేసే బతికున్న క్రిములు, వాటిని పొడి సాషేలుగానో డ్రాప్స్‌గానో అమ్ముతారు. చాలామంది పిల్లలకి ఆ సాషేల అవసరమే రాదు. ఆరు నెలల దాకా తల్లిపాలు, ఆ తర్వాత ఇంట్లో తోడుపెట్టిన కమ్మటి పెరుగు, మోషన్స్ పట్టుకుంటే ఓఆర్ఎస్, జింక్. ఇవి సరిగ్గా చేస్తే చాలావరకు సరిపోతుంది. సాషే పనికొచ్చే సందర్భాలు రెండే, అవి కూడా కింద చెప్తాను.

ఇంట్లో ఉండాల్సినవి

- కాచిన పాలు, మీగడ తీయనివి (రెండేళ్ళలోపు పిల్లలకి ఆ కొవ్వు కావాలి)
- తోడుకి పులవని పెరుగు, అర టీస్పూన్
- పాప కోసమే విడిగా మూత ఉన్న చిన్న స్టీలు గిన్నె, ఒక చెంచా
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉండాలి
- జింక్ మాత్రలు, 20 మిల్లీగ్రాములవి. ఇవీ ఓఆర్ఎస్సూ ఆశా అక్కల దగ్గర, పీహెచ్‌సీలో ఫ్రీగా దొరుకుతాయి
- సరిగ్గా లీటరు కొలవడానికి ఒక లీటరు వాటర్ బాటిల్

1. ఆరు నెలల లోపు: ఏమీ మొదలుపెట్టొద్దు

ఇది అన్నిటికంటే కష్టమైన స్టెప్పు, ఎందుకంటే చేయాల్సిందల్లా ఊరుకోవడమే, ఇంటికొచ్చిన వాళ్ళెవరూ ఊరుకోనివ్వరు. తల్లిపాలల్లో బిడ్డకి అరగని ఒక రకం చక్కెరలు ఉంటాయి. అరగనప్పుడు ఎందుకు ఉన్నాయంటే అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగుల్లో పెరిగే బిఫిడో బ్యాక్టీరియా కోసం. అంటే మంచి బ్యాక్టీరియాకి కావాల్సిన తిండి పాలతోపాటే వెళ్తోంది. అందుకే 180 రోజులు నిండేదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, మండు వేసవిలో అయినా సరే.

పుట్టగానే నాలిక మీద తేనె రాయడం, వస కొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం, ఇవి వద్దు. ముఖ్యంగా తేనె. అందులో బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, మనకేమీ చేయవు గానీ ఏడాదిలోపు పిల్లల పేగుల్లో మొలకెత్తి కండరాలు చచ్చుబడేలా చేస్తాయి. తేనె ఏడాది నిండాకే.

"సిజేరియన్ అయింది కదా, మంచి బ్యాక్టీరియా రాలేదంట, డ్రాప్స్ వేయాలా?" అని చాలామంది కంగారు పడతారు. సిజేరియన్ పిల్లల పేగుల్లో మొదట్లో తేడా ఉండేమాట నిజమే, నెలలు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది, దానికి మీరు చేయగలిగిన మంచి పని పాలివ్వడమే. పాలు చాలక ఫార్ములా పడుతున్నా తప్పు చేసినట్టు కాదు, సీసా, పాలపీక ప్రతిసారీ కడిగి మరిగించండి చాలు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి మాత్రం ఏ ప్రోబయోటిక్కూ మీ అంతట మీరు కొని వేయకండి. ఆ పిల్లల్లో ఆ బ్యాక్టీరియానే రక్తంలోకి వెళ్ళే ప్రమాదం ఉంది, ఒక బిడ్డ చనిపోయాక 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద గట్టిగా హెచ్చరిక ఇచ్చింది.

2. పాప పెరుగు తోడుపెట్టడం

ఇంట్లో అందరికీ తోడుపెట్టే పెద్ద గిన్నెలోంచి తీసి పెడితే ఏమవుతుంది అంటారు. అందులో పొద్దున్నుంచి నలుగురి గరిటెలు పడతాయి, సాయంత్రానికి పులుపెక్కుతుంది. పాపకి విడిగా చిన్న గిన్నె, అంతే.

పాలు పొంగు వచ్చాక ఇంకో రెండు నిమిషాలు మరగనివ్వండి. ప్యాకెట్ పాలైనా, పాడి ఇంటి పాలైనా ఇదే పద్ధతి, పచ్చిపాలు అసలు వాడొద్దు. తర్వాత చల్లారనివ్వండి. ఎంత చల్లారాలి అనే దగ్గరే అందరూ తప్పు చేస్తారు. చేతులు కడుక్కుని, చెంచాతో ఒక చుక్క తీసి మణికట్టు లోపలివైపు వేసుకోండి. వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు. చురుక్కుమంటే తోడులో ఉన్న బ్యాక్టీరియా చచ్చిపోతుంది, పెరుగు తోడుకోకుండా విరిగినట్టు అవుతుంది. అసలు వెచ్చదనమే తెలియకపోతే తోడుకోవడానికి చాలా ఆలస్యమై పల్చగా, జారుడుగా వస్తుంది.

ఒక గ్లాసు పాలకి అర టీస్పూన్ తోడు చాలు. తోడుని గిన్నె అడుగున వేసి, రెండు చెంచాల పాలు పోసి పేస్టులా కలిపి, ఆ తర్వాత మిగతా పాలు పోసి ఒక్కసారి కలిపి మూత పెట్టేయండి. ఇక కదపొద్దు. ఎండాకాలం మన కోస్తా ఊళ్ళల్లో నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది, డిసెంబరు జనవరిల్లో ఎనిమిది, పది గంటలు పడుతుంది, అప్పుడు గిన్నెకి టవల్ చుట్టి బియ్యం డబ్బాలో పెడితే వెచ్చగా ఉంటుంది. అమెరికాలోనో యూకేలోనో ఉండి చలికి తోడుకోవట్లేదనేవాళ్ళు అవెన్ వెలిగించకుండా లోపల లైటు మాత్రం వేసి అందులో పెట్టండి. తోడుకి అక్కడి ప్లెయిన్ యోగర్ట్ పనికొస్తుంది, డబ్బా మీద లైవ్ కల్చర్స్ అని ఉండాలి, చక్కెర ఉండకూడదు.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి. గిన్నె కొంచెం వంచితే పెరుగు ఒకే ముద్దలా కదలాలి. చెంచాతో తీస్తే కోసినట్టు రావాలి. పైన కొద్దిగా పసుపు పచ్చ ఛాయలో నీళ్ళు తేలితే పర్లేదు, అది పెరుగు నీరే. చెంచా ఎత్తితే తీగలా సాగినా, గులాబీ రంగో నల్ల మచ్చలో కనిపించినా, వాసన తేడాగా ఉన్నా పారేయండి, పైపైన తీసేసి కింది పెరుగు పెట్టడం లాంటివి చేయకండి. ఆ తోడు కూడా వాడొద్దు.

తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఇది మర్చిపోతేనే పులుస్తుంది. పాపకి తినిపించే ముందు కావాల్సినంత వేరే గిన్నెలోకి తీసి అరగంట బయట ఉంచితే చల్లదనం పోతుంది. పాప ఎంగిలి చేసిన చెంచా మళ్ళీ పెరుగు గిన్నెలో పెట్టకూడదు. ఒకరోజు దాటిన పెరుగు పెద్దవాళ్ళకి మజ్జిగ చేసేయండి.

3. మొదటి చెంచా

ఆరు నెలలు నిండి, అన్నం గుజ్జు, పప్పు కట్టు లాంటివి ఒకటి రెండు వారాలు తిన్నాక పెరుగు మొదలుపెట్టండి. మొదటిరోజు ఒక్క టీస్పూన్, అదీ పగటి పూట, ఏదైనా తేడా వస్తే డాక్టర్ దొరికే టైంలో. ఉత్త పెరుగే, ఉప్పు వద్దు, పంచదార వద్దు, బెల్లం వద్దు. పుల్లగా ఉందని మొహం చిట్లిస్తారు, అంత మాత్రాన ఇష్టం లేదని కాదు, రెండ్రోజులాగి మళ్ళీ పెట్టండి.

మూడు రోజులు అదే టీస్పూన్, వేరే కొత్త పదార్థం ఏదీ పెట్టకుండా. ఒంటి మీద దద్దుర్లు, రెండు గంటల్లోపు వాంతులు, ఒకటి రెండు రోజుల్లో మోషన్‌లో నెత్తురు చారలు లేదా జిగురు వస్తే ఆపేసి డాక్టర్‌కి చూపించండి, పాల ప్రోటీన్ పడకపోవచ్చు. మొహం వాచినా ఊపిరి ఆడకపోయినా ఆగకుండా 108. మూతి చుట్టూ కాస్త ఎర్రగా అయ్యి తుడవగానే గంటలో పోతే అది చాలాసార్లు పులుపుకి వచ్చేదే.

అన్నీ బాగుంటే తొమ్మిదో నెలకి మెత్తగా పిసికిన అన్నంలో మూడు నాలుగు చెంచాలు, ఏడాది నిండేసరికి అరకప్పు దాకా పెట్టొచ్చు. ఇక్కడ చాలామందికి ఒక డౌట్ వస్తుంది, ఆవుపాలు ఏడాది దాకా వద్దంటారు కదా పెరుగెలా పెడతాం అని. వద్దనేది తల్లిపాలకి బదులుగా గ్లాసులు గ్లాసులు పట్టడం, ఎందుకంటే ఆవుపాలల్లో ఐరన్ చాలా తక్కువ, వాటితోనే పొట్ట నింపితే రక్తం తగ్గుతుంది. తిండిలో భాగంగా నాలుగు చెంచాల పెరుగు వేరే సంగతి.

జలుబు గురించి. పెరుగు వల్ల జలుబు చేయదు, వైరస్ వల్ల చేస్తుంది. అయినా ఇంట్లో అత్తయ్యగారో అమ్మమ్మో వద్దంటుంటే వాళ్ళతో వాదన పెట్టుకోకండి, చల్లదనం పోయాక మధ్యాహ్నం పూట పెట్టండి, వాళ్ళకీ నచ్చుతుంది. మా అత్తయ్య మొదట్లో అస్సలు ఒప్పుకోలేదు, ఇప్పుడు చిన్నోడి పెరుగు గిన్నె ఆవిడ చేతిలోనే ఉంటుంది.

4. బ్యాక్టీరియాకి తిండి పెట్టడం

పెరుగు పెట్టేసి మిగతా రోజంతా బిస్కెట్లు, సెరెలాక్ లాంటి తీపి పొడులు పెడితే ఏం లాభం. పేగుల్లో మంచి బ్యాక్టీరియా బతికేది పీచు మీద. బాగా మాగిన అరటిపండు, ఉడికించి మెదిపిన క్యారెట్, గుమ్మడి, బొప్పాయి, పెసరపప్పు, రాగి జావ, ఇవన్నీ ఏడెనిమిది నెలల నుంచి ఒక్కొక్కటిగా. రాగి జావ పల్చగా కాకుండా చెంచా నుంచి మెల్లగా జారేలా ఉండాలి, నీళ్ళలా ఉంటే పొట్ట నిండుతుంది గానీ బలం రాదు.

ఇడ్లీ పిండి పులుస్తుంది కదా ప్రోబయోటిక్కేనా అని అడుగుతారు. పులిసినప్పుడు బ్యాక్టీరియా ఉంటుంది, ఆవిరి మీద ఉడికాక ఉండదు. ఇడ్లీ సులువుగా అరుగుతుంది, మంచి టిఫిన్, అంతవరకే. మజ్జిగ పులుసు కూడా అంతే, కాగిందంటే బ్యాక్టీరియా పోయినట్టే. పాలన్నంలో తోడేసి పొద్దున తినే చద్దన్నం మాత్రం బ్యాక్టీరియా ఉన్న తిండి. కానీ అన్నం రాత్రంతా బయట ఉన్నప్పుడు సరిగ్గా పులవకపోతే వేరే చెడు క్రిములు పెరుగుతాయి, అందుకే నేను రెండేళ్ళు దాటాకే పెట్టాను, అదీ పొద్దున్నే, ఎండెక్కకముందే.

5. మోషన్స్ అయినప్పుడు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

మా పెద్దదానికి తొమ్మిదో నెలలో జూన్ ఎండల్లో మోషన్స్ పట్టుకున్నాయి. మందుల షాపులో ఓఆర్ఎస్ అడిగితే ఆరెంజ్ రంగు టెట్రా ప్యాక్ ఇచ్చారు, పైన ఓఆర్ఎస్ అనే ఉంది. తియ్యగా ఉందని అది గటగటా తాగేసింది. సాయంత్రానికి మోషన్స్ ఇంకా ఎక్కువయ్యాయి, ఏడిస్తే కన్నీళ్ళు రాలేదు, రాత్రికి సెలైన్ ఎక్కించాల్సొచ్చింది. డాక్టర్ గారు ఆ డబ్బా వెనక చక్కెర ఎంతుందో చూపించారు. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీళ్ళని లాగేస్తుంది, మోషన్ పెరుగుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఈ విషయం మీదే ఏళ్ళ తరబడి పోరాడారు, చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. అయినా పేరు మార్చుకుని అదే అల్మారాలో ఉంటాయి, మీరు పొడి ప్యాకెట్టే అడగండి.

ఎలా కలపాలంటే, పెద్ద ప్యాకెట్ (20.5 గ్రాములది) మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో. చిన్న ప్యాకెట్ అయితే దానిమీద రాసిన 200 మిల్లీలీటర్లలో. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి మిగతాది దాచొద్దు, కొలత తప్పుతుంది. పంచదార, జ్యూస్, పాలు ఏవీ కలపొద్దు. కలిపాక వేడి చేయొద్దు. 24 గంటలయ్యాక మిగిలింది పారబోయండి. కలిపాక రుచి చూడండి, కన్నీళ్ళంత ఉప్పగా ఉండాలి, అంతకంటే ఎక్కువ ఉప్పగా ఉంటే నీళ్ళు తక్కువయ్యాయని.

రెండేళ్ళలోపు పిల్లలకి ప్రతి మోషన్‌కీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్ళు దాటితే 100 నుంచి 200. గ్లాసుతో కాదు, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా పట్టండి. "తాగిందల్లా కక్కేస్తోంది" అనేవాళ్ళలో చాలామంది ఒకేసారి గ్లాసుడు పట్టినవాళ్ళే.

జింక్: ఆరు నెలలు దాటితే రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి 10, అంటే సగం మాత్ర. చెంచాడు తల్లిపాలల్లోనో నీళ్ళలోనో కరిగించి. 14 రోజులు. మూడోరోజుకి మోషన్ కట్టేసిందని ఆపేస్తారు, ఆపకండి, మళ్ళీ తొందరగా రాకుండా కాపాడేది ఆ మిగతా రోజులే.

తల్లిపాలు ఆపొద్దు, తిండి ఆపొద్దు. పెరుగన్నం బ్రహ్మాండంగా పెట్టొచ్చు. గ్లూకోజ్ నీళ్ళు, కూల్‌డ్రింకు ఓఆర్ఎస్‌కి బదులు కావు, కొబ్బరినీళ్ళు కూడా బదులు కావు. పెద్దవాళ్ళు వేసుకునే మోషన్ కట్టే మాత్ర (లోపెరమైడ్) పిల్లలకి వేయకూడదు, పేగు కదలిక ఆగిపోయి ప్రాణం మీదకి వస్తుంది.

మరి ప్రోబయోటిక్? మామూలు మోషన్స్‌కి అవసరం లేదు. 2018లో అమెరికాలో ఒకటి, కెనడాలో ఒకటి, దాదాపు 900 మంది పిల్లల చొప్పున రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి, ప్రోబయోటిక్ ఇచ్చిన పిల్లలకీ ఇవ్వని పిల్లలకీ తేడా కనపడలేదు. డాక్టర్ రాస్తే వాడండి, కానీ చేతిలో వంద రూపాయలే ఉంటే అవి ఓఆర్ఎస్‌కీ జింక్‌కీ పెట్టండి.

పిల్లల్లో మోషన్స్ తెచ్చే రోటావైరస్‌కి టీకా వేయించారా చూసుకోండి. 6, 10, 14 వారాలకి నోట్లో వేసే మందు, గవర్నమెంట్ టీకాల్లో ఫ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచే ఉంది. ఏ సాషే కంటే ఇదే పెద్ద రక్ష.

6. సాషే నిజంగా పనికొచ్చే చోట్లు

*యాంటీబయాటిక్ కోర్సు.* యాంటీబయాటిక్ చెడు క్రిములతోపాటు మంచివాటినీ చంపుతుంది, అందుకే కొందరు పిల్లలకి కోర్సు మధ్యలో మోషన్స్ మొదలవుతాయి. ఇక్కడ ఎల్‌జీజీ (లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ), శాకరోమైసిస్ బౌలార్డీ అనే రెండు రకాలకి మంచి ఆధారాలున్నాయి. మందు రాసేటప్పుడే "ప్రోబయోటిక్ కూడా ఇవ్వమంటారా, ఎంత?" అని డాక్టర్‌ని అడగండి. మొదటి రెండు రోజుల్లోనే మొదలుపెట్టి కోర్సు అయ్యేదాకా ఇవ్వాలి, మోషన్స్ వచ్చాక పరిగెత్తడం కాదు. ఎల్‌జీజీ లాంటి బ్యాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కీ దానికీ రెండు గంటల తేడా ఉండాలి, రెండూ ఒకేసారి ఇస్తే ఇచ్చినట్టే కాదు. బౌలార్డీ ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు, ఫంగస్ మందు వాడుతుంటే మాత్రం అది పనిచేయదు. మామూలు జలుబుకి యాంటీబయాటిక్ అక్కర్లేదు, అడిగి మరీ రాయించుకోకండి, సగం ఇబ్బంది అక్కడే తప్పుతుంది.

*తల్లిపాల పిల్లల కాలిక్.* సాయంత్రం అయ్యేసరికి గంటల తరబడి గుక్కపట్టి ఏడ్చే పిల్లలకి లాక్టోబాసిల్లస్ రియూటెరై డ్రాప్స్ రాస్తారు. తల్లిపాలు తాగే పిల్లల్లోనే ఎక్కువ పనిచేసినట్టు తేలింది. డాక్టర్ చూశాకే వేయండి. వేయకపోయినా మూడు నాలుగు నెలలకి చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద మూడు చూడండి: బ్యాక్టీరియా పూర్తి పేరు, ఎన్ని కోట్లు ఉంది, ఎక్స్‌పైరీ. "మల్టీ ప్రోబయోటిక్" అని పెద్దక్షరాలుండి రకం పేరు లేకపోతే వదిలేయండి. ఫ్రిజ్‌లో ఉంచాలని రాసుంటే షాపువాడు కూడా ఫ్రిజ్‌లోంచే తీసివ్వాలి. ఇంట్లో వేడి పాలల్లో, వేడి జావలో కలపొద్దు, గది వేడిమిలో ఉన్న నీళ్ళలో కలిపి వెంటనే పట్టేయండి. రోగనిరోధక శక్తి తక్కువున్న పిల్లలకి, కీమో జరుగుతున్నవాళ్ళకి, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టం) ఉన్నవాళ్ళకి డాక్టర్ చెప్పకుండా అస్సలు వద్దు.

7. పొట్ట బాగుందని ఎలా తెలుస్తుంది

డైపర్ చూడండి, బరువు చూడండి. తల్లిపాల పిల్లలకి ఆవ పిండిలా పసుపు పచ్చగా పల్చగా రోజుకి ఆరేడు సార్లయినా మామూలే, నెలన్నర దాటాక నాలుగైదు రోజులకొకసారి అయినా మెత్తగా వస్తుంటే మామూలే. రెండో రకానికి మలబద్ధకం అని సబ్బుముక్క పెట్టేస్తారు కొందరు, దయచేసి పెట్టకండి. గట్టిగా మేకపెంటికల్లా వస్తే అదీ మలబద్ధకం. అన్నం మొదలయ్యాక రంగు, వాసన మారతాయి, క్యారెట్ ముక్క అలాగే కనిపించొచ్చు, కంగారొద్దు. మూడు నాలుగు వారాల లెక్కలో చూడండి, ఒక్కరోజు మోషన్ చూసి తిండి మార్చేయకండి. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేయించి కార్డు మీద గీత పైకి వెళ్తోందా చూసుకోండి.

ఇవి కనపడితే ఇంట్లో ఆగొద్దు

ఆరు గంటలుగా ఒంటేలు పోయకపోవడం, కళ్ళు లోపలికి పోవడం, మగతగా ఉండి లేపినా సరిగ్గా లేవకపోవడం, ఏదీ తాగలేకపోవడం, మోషన్‌లో నెత్తురు, ఆకుపచ్చ వాంతి, పొట్ట బిగుసుకుపోయి ఉబ్బడం, మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం. చిన్నపిల్లల్లో మోషన్ తెల్లగా సుద్దలా వస్తుంటే అది కాలేయం సంగతి కావొచ్చు, రేపు చూద్దాం అనుకోవద్దు. 14 రోజులు దాటినా మోషన్స్ ఆగకపోతే కూడా చూపించాల్సిందే.

వెళ్ళేటప్పుడు కలిపిన ఓఆర్ఎస్ బాటిల్, చెంచా వెంట పెట్టుకోండి. బిడ్డ మెలకువగా ఉండి మింగగలుగుతుంటే ఆటోలో కూడా ఒక్కో చెంచా పడుతూనే ఉండండి, ఇంటి దగ్గర నుంచి ఎన్ని మోషన్లయ్యాయి, చివరిసారి ఒంటేలు ఎప్పుడు పోసింది అనేది ఫోన్లో రాసి పెట్టుకోండి, వెళ్ళగానే డాక్టర్ మొదట అడిగేది అదే.